మైకులో చదవాల్సింది ఖర్చుల లెక్క

(గ్రామ సంఘాల పెద్దలు, స్త్రీల మైత్రి సభ్యులు, యౌవనస్తులు కలిసి చిత్తూరులో జరుపుకున్న ఒక సమావేశంలో, పల్లె చర్చికి కోశాధికారిగా పనిచేస్తున్న విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ వందనాలు.

స్విచ్చు దగ్గర నిలబడిన తమ్ముడూ, ఆ నడిమి ఫ్యాను ఒక్క నిమిషం ఆపు నాయనా. ఉక్కగా ఉందని నాకూ తెలుసు, ఒక్క నిమిషమే.

ఆగింది. ఇప్పుడు తల పైకెత్తి చూడండి. రెక్కల మీద ఎర్ర పెయింటుతో అక్షరాలు కనిపిస్తున్నాయా? ఒక అమ్మ పేరు, కింద ‘జ్ఞాపకార్థం’ అని ఉంది. కన్నతల్లి పేరు మీద ఎవరో బిడ్డలు ఇచ్చిన ఫ్యాను. అందులో తప్పేమీ లేదు, చూస్తే నాకు కడుపు నిండుతుంది. మన పల్లె చర్చిలన్నింటిలో ఇలాంటి ఫ్యాన్లు, గోడ గడియారాలు, కుర్చీలు, గోడలో పొదిగిన పాలరాతి పలకలు ఉన్నాయి. ఆ పలకల మీద పేరు పక్కన రూపాయలు కూడా చెక్కి ఉంటాయి. నేను మాట్లాడాలనుకున్నది ఆ రూపాయల గురించి. ఫ్యాను వేసేయి నాయనా, చల్లగా ఉండు.

చర్చి కోసం పండుగలు, విందులు, అమ్మకాలు పెట్టి డబ్బు ఎలా కూడబెట్టాలో చెప్పమని నన్ను పిలిచారు. చెప్తాను. ముందు మా ఊళ్లో మేం చేసిన తప్పు చెప్పాలి. ఆ తప్పు చేసిన చేతుల్లో ఒకటి నాది.

మా చర్చి పాతది. బెంగుళూరు పెంకులు, కర్ర దూలాలు. 2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. తిరుపతి వీధుల్లో నీళ్లు ఏరుల్లా పారిన ఏడు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ల జనాన్ని ఖాళీ చేయించిన ఏడు. ఆ వానకు మా గుడి దూలాల్లో రెండు నాని కుంగిపోయాయి. పెంకులు జారి, ప్రభువు బల్ల మీదనే నీళ్లు కారాయి. క్రిస్మస్ ఆరాధన పక్కన బడి వరండాలో చేసుకున్నాం. మేస్త్రీ వచ్చి చూసి 3,80,000 అవుతుందన్నాడు. మా సంఘం ఎంతని? అరవై ఇళ్లు. ఎక్కువమంది కూలికి పోయేవాళ్లే. కొందరికి రెండు మూడు కయ్యలు, నాలుగు మామిడి చెట్లు, ఒక ఆవు. అంతే.

సంక్రాంతి దాటి వరి కోతలయ్యాక పంట పండుగ పెట్టుకోవడం మాకు ముందు నుంచీ ఉంది. ఆ ఏడు దాన్ని పెద్దగా చేస్తే కప్పు వేసేయొచ్చని అందరం అనుకున్నాం. షామియానా వేశాం. సౌండ్ సిస్టం తెప్పించాం. రోడ్డు మలుపు నుంచి గుడి దాకా ఫ్లెక్సీలు కట్టాం. అతిథులకు శాలువాలు, దండలు. ఉదయం ఆరాధన తర్వాత కానుకలు ఇచ్చినవాళ్ల పేరూ మొత్తమూ నేనే మైకులో చదివాను. ‘ఫలానా వారు పదివేలు’ అంటే చప్పట్లు. ‘ఫలానా అమ్మ యాభై రూపాయలు’ అన్నప్పుడు చప్పట్లు లేవు. చదువుతున్న నాకే గొంతు తగ్గిపోయింది. ఆ యాభై ఇచ్చిన అమ్మ ముందు వరుసలోనే కూర్చుని ఉంది.

తర్వాత వేలం పాట. మీకు చెప్పనక్కర్లేదు, పంట పండుగంటే పాటే. గుమ్మడికాయలు, చెనక్కాయలు, బెల్లం అచ్చులు, అరటి గెలలు, కోళ్లు, ఒక మేకపిల్ల. ‘ఒకటోసారి, రెండోసారి’ అంటుంటే పిల్లల దగ్గర నుంచి ముసలివాళ్ల దాకా ఎంత సంబరం! ఆ సంబరం నాకు చాలా ఇష్టం, ఇప్పటికీ. కానీ పాట వేడెక్కిందంటే అది వస్తువు మీద నుంచి మనిషి మీదికి పోతుంది. వినాయక చవితి లడ్డు పాటలు మనకు తెలియనివా? హైదరాబాద్ దగ్గర బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డు, 2024లో 30 లక్షలు దాటింది. అక్కడ పాడేవాళ్లకు ఆ స్తోమత ఉంది, ఆ డబ్బుతో ఊరికి పనులూ చేసుకుంటున్నారు. మా దగ్గర పాడేది కూలి మనిషి.

ఒకాయన ఒక నాటుకోడిపుంజును పాడాడు. పోటీలో ఉన్నది ఆయన వియ్యంకుడు. ఒకరు నూరు పెంచితే ఇంకొకరు నూరు పెంచారు. 1,800కు కోడి ఈయన చేతికొచ్చింది. చేతిలో డబ్బు లేదు. ‘తర్వాత ఇస్తాను, రాసుకో టీచరమ్మా’ అన్నాడు. రాసుకున్నాను. అలా రాసుకున్నవి ఆ రోజు చాలా ఉన్నాయి.

సాయంత్రం మైకులో 61,400 అని ప్రకటించాం, చప్పట్లు మోగాయి. మరుసటి వారం నేను, ఇంకొక పెద్ద కూర్చుని లెక్క చూసుకున్నాం. ఆ 61,400లో పాట బాకీలు 13,200. అంటే ఆ డబ్బు కాగితం మీదే ఉంది. షామియానా, కుర్చీలు 9,000. సౌండ్ 8,000. ఫ్లెక్సీలు 4,200. శాలువాలు, దండలు 3,500. భోజనం 10,000. ఖర్చు మొత్తం 34,700. చేతిలో మిగిలింది 13,500. కప్పుకు కావలసింది 3,80,000.

ఈ లెక్క మైకులో చదవలేదు. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఒక రూపాయి కూడా ఎవరూ తినలేదు, అది దేవుడికి తెలుసు. అయినా చదవలేదు. మాకు సిగ్గనిపించింది. చదివింది ఏమిటంటే బాకీల జాబితా. మూడు ఆదివారాలు వరసగా ఆరాధన చివర్లో, ‘పాట బాకీ ఉన్నవారు దయచేసి కట్టండి’ అని పేర్లతో సహా చదివాను. రెండో ఆదివారం నుంచి ఆ కోడి పాడినాయన రావడం మానేశాడు. నెలలు గడిచాయి. ఈస్టరుకూ రాలేదు. నేను ఇంటికి వెళ్తే ఆయన పనికి పోయి ఉన్నాడు. భార్య పీట వేసి, మజ్జిగ ఇచ్చి, మెల్లగా అంది: ‘ఆ పైకం కట్టినాక వస్తాడులే టీచరమ్మా. మైకులో మళ్లా ఆ పేరు ఎత్తితే ఆ మనిషి తల ఎత్తుకోలేడు.’

గుడి కప్పు వేయడానికి పండుగ పెట్టి, గుడిలోంచి ఒక మనిషిని బయటికి పంపించామన్నమాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత చాలా రోజులు చదివాను, పెద్దలతో మాట్లాడాను. రెండవ రాజుల గ్రంథం పన్నెండో అధ్యాయం మీరందరూ చదివే ఉంటారు. యోవాషు రాజు కాలంలో మందిరం శిథిలమైంది. కానుకలు వస్తూనే ఉన్నాయి, యాజకులు తీసుకుంటూనే ఉన్నారు. రాజు ఏలుబడి ఇరవై మూడో ఏడు వచ్చినా మరమ్మతు మాత్రం జరగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఏం చేశాడు? ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేసి, బలిపీఠం పక్కన పెట్టాడు. పెట్టెలో ఎవరు ఎంత వేశారో పైకి తెలియదు. పెట్టె నిండినప్పుడు రాజు లేఖికుడు ఒకడు, ప్రధాన యాజకుడు ఒకడు, ఇద్దరూ వచ్చి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. ఆ డబ్బుతో వెండి పాత్రలు చేయించలేదు. వడ్లవాళ్లకు, రాతిపనివాళ్లకు, మానులకు, చెక్కిన రాళ్లకు ఇచ్చారు. ఇవ్వడం చాటున జరిగింది, లెక్క ఇద్దరి కళ్ల ముందు జరిగింది. మేం దీన్ని తలకిందులు చేసుకున్నాం. ఇచ్చేది మైకులో, ఖర్చు చాటున.

మా సంఘంలో ఒక పెద్దాయన, వాక్యం బాగా తెలిసినవాడు, నన్ను అక్కడే ఆపాడు. ‘అమ్మా, అదే అధ్యాయంలో ఆ పనివాళ్లను లెక్క అడగలేదు, వాళ్లు నమ్మకంగా పనిచేశారు అని కూడా ఉంది కదా’ అన్నాడు. నిజమే, ఉంది. నేను చాలాసేపు ఆలోచించి చెప్పాను: పనివాళ్ల చేతికి వచ్చేలోపే ఇద్దరు లెక్కపెట్టారు కాబట్టి ఆ నమ్మకం నిలబడింది, అన్నా. లెక్కపెట్టింది ఒక్కడే అయ్యుంటే ఏమయ్యేదో? ఆయన ఒప్పుకున్నాడు. మనమూ అలాంటి పెట్టె పెట్టి, దానికి రెండు తాళాలు పెట్టిద్దాం అని ఆయనే అన్నాడు. ఒక తాళంచెవి సంఘ పెద్దల దగ్గర, ఇంకొకటి స్త్రీల మైత్రి దగ్గర. ఇద్దరూ లేకుండా పెట్టె తెరుచుకోదు.

పక్కదారి అనుకోకండి, పాత సంగతి కొంచెం చెప్పాలి. మన చిత్తూరు ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1853లో, అమెరికా మిషనరీలైన స్కడ్డర్ అన్నదమ్ములు ఆర్కాటు మిషన్ మొదలుపెట్టారు. మనకు సొంత జిల్లా వచ్చింది 1911లో. అటు సూళ్లూరుపేట వైపు 1865లో జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ మిషన్ తరఫున ఆగస్ట్ మిలియస్ దొర వచ్చాడు. మన తాతల కాలంలో గుడి కట్టాలన్నా, బడి కట్టాలన్నా ‘మిషన్ డబ్బు’ అనేవాళ్లు. ఆ డబ్బు ఎక్కడిది? అమెరికాలో ఆర్కాటు మిషన్ వెనక ఉన్న రిఫార్మ్‌డ్ చర్చి ఆడవాళ్లు 1875లో విదేశీ మిషన్ల కోసం సొంతంగా ఒక బోర్డు పెట్టుకున్నారు. అలాంటి స్త్రీల సంఘాల్లో ఒక్కొక్క ఇల్లాలూ చిన్న చిన్న డబ్బాల్లో చిల్లర పోగుచేసేది. మనలాంటి ఆడవాళ్లే.

ఇంగ్లండ్ పల్లెల్లో ఇంకా పాత పద్ధతి ఒకటి ఉండేది. 15, 16 శతాబ్దాల్లో చర్చి పెద్దలు బార్లీతో బీరు కాచి, ఊరందరికీ విందు పెట్టి, అమ్మిన డబ్బుతో గుడి మరమ్మతులు చేయించేవాళ్లు. తాగుడు సంగతి మనకొద్దు, అక్కడే దాన్ని తప్పుపట్టినవాళ్లు ఉన్నారు. నేను చెప్పదలచింది వాళ్ల లెక్కల పుస్తకాల గురించి. ఆ పెద్దలు ఏడాదికోసారి ఊరి ముందు జమాఖర్చు అప్పజెప్పాలి. గంట తాడుకు ఎంత, కిటికీ అద్దానికి ఎంత అని రాసిపెట్టిన ఆ పుస్తకాలు ఇంకా మిగిలున్నాయి. ఆ కాలపు పల్లె బతుకు తెలుసుకోవడానికి చరిత్రకారులు వాటినే చదువుతున్నారు. నేను రాస్తున్న నోటుబుక్కు కూడా ఎవరో చదువుతారనుకుంటే చేతిరాత దానంతటదే కుదురుతుంది.

మన దగ్గర దోర్నకల్ బిషప్ అజరయ్య గారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు, పల్లె సంఘాలు తమ కాళ్ల మీద తాము నిలబడాలని పట్టుబట్టాడు. మా అవ్వ పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఇంట్లో పూటకు సరిపోని రోజు కూడా వేసేది. ఆదివారం గుడికి తెచ్చి పోసేవాళ్లు, ఎవరి పిడికెడు ఎవరిదో ఆ గంపలో తెలిసేది కాదు.

ఇప్పుడు బయట నుంచి డబ్బు వస్తుందని కూర్చునే కాలం కాదు. విదేశీ విరాళాల చట్టం 2020లో మారాక, అనుమతి ఉన్న సంస్థ కూడా ఢిల్లీలోని ఒకే ఒక స్టేట్ బ్యాంక్ శాఖలో ఖాతా తెరిచి అందులోనే తీసుకోవాలి, తీసుకున్నదాన్ని ఇంకో సంస్థకు పంచకూడదు. అరవై ఇళ్ల సంఘానికి అదయ్యే పని కాదు. మన కప్పు మనమే వేసుకోవాలి.

సరే, ఏం మార్చామో చెప్తాను.

2023 పంట పండుగకు ఫ్లెక్సీ ఒక్కటీ కట్టలేదు. శాలువాలు లేవు. అతిథులు ఎవరొచ్చినా మాతో పాటు చాప మీద కూర్చున్నారు. వేపచెట్టు నీడ ఉండగా షామియానా ఎందుకని ఒక కుర్రవాడే అడిగాడు. భోజనానికి సంగటి, నాటుకోడి పులుసు, చెనిగింజల ఊరిబిండి. రాగులు ఇళ్ల నుంచి వచ్చాయి, కట్టెలు వచ్చాయి, వండింది మేమే. కొన్నది కోళ్లు, నూనె, విస్తరాకులు. ఖర్చు 11,300. వచ్చింది 70,800. అంతా చేతికొచ్చిన డబ్బే, కాగితం మీద ఒక్క రూపాయి లేదు. ఎందుకంటే పాటకు ఒక నియమం పెట్టాం: డబ్బు బల్ల మీద పెట్టాకే వస్తువు చేతికి. అప్పు రాసుకోవడం లేదు. పాట పాడేచోట పక్కనే ఇంకొక బల్ల వేశాం. అక్కడ అవే గుమ్మడికాయలు, అవే బెల్లం అచ్చులు సంత ధరకు దొరుకుతాయి. పాటలో గొంతెత్తడం ఇష్టం లేనివాళ్లు, చేతిలో నలభై రూపాయలే ఉన్నవాళ్లు కూడా ఒక వస్తువు కొనుక్కుని సంతోషంగా పోతారు. ఇంకా ఎక్కువ ఇవ్వాలనుకునే వాళ్లకు పెట్టె ఉంది. చాలామంది పెద్దలు ఈ మార్పుకు ఒప్పుకోలేదు. ‘పేరు చదవకపోతే ఎవరిస్తారమ్మా’ అన్నారు. ఆ భయం నాకూ ఉండింది, రాత్రంతా టెన్షన్. పెట్టె తెరిచినప్పుడు పదివేలు ఇచ్చే చెయ్యి ఈసారి కూడా ఇచ్చిందో లేదో నాకు తెలియలేదు. పాత ఏడాది కానుకల కంటే పెట్టెలో పడింది తక్కువ కాదని మాత్రం తెలిసింది.

మైకును వదల్లేదు. ఖర్చు చదివాం. ప్రతి నెలా మొదటి ఆదివారం, ఏ వస్తువు ఎక్కడ కొన్నాం, ఎంతకు కొన్నాం అని. అసలు మేలు ఇక్కడ జరిగింది, నేను ఊహించలేదు. దూలాలకు కొత్త టేకు అంచనా చదివిన రోజు, వెనక వరుసలోంచి ఒకతను లేచాడు. వెల్డింగ్ పని చేస్తాడు. ‘కర్రెందుకమ్మా, ఇనుప పైపులతో చేస్తే సగంలో అయిపోతుంది. పైపులు తెండి, కూలి నాకొద్దు’ అన్నాడు. పెంకుల ధర చదివిన రోజు ఒకమ్మ లేచి, పక్క ఊళ్లో పాత పెంకుటిల్లు పడగొడుతున్నారు, మంచి పెంకులు తక్కువకు ఇస్తారని చెప్పింది. సున్నం ధర ఎక్కువ పెట్టామని ఇంకొకాయన గట్టిగానే తిట్టాడు. ఆయన చెప్పిందే సరైంది, మరుసటిసారి ఆయన్నే కొనుక్కురమ్మన్నాం. 3,80,000 అన్న పని 3,12,000తో ముగిసింది. ఖర్చు చాటున పెట్టి ఉంటే ఈ ముగ్గురి నోరూ తెరుచుకునేది కాదు.

ఇంకొక సంగతి, ఊళ్లో మిగతావాళ్ల గురించి. మన పల్లెల్లో చర్చికి పోయేవాళ్లు కొద్దిమంది. చుట్టూ ఉన్నది మన అన్నలు, అక్కలు, కలిసి కూలికి పోయేవాళ్లే, కానీ వాళ్ల గుడి వేరు. రసీదు పుస్తకం పట్టుకుని వాళ్ల గడప ఎక్కకూడదని నా గట్టి అభిప్రాయం. మొహమాటానికి ఇస్తారు, తర్వాత మనసులో పెట్టుకుంటారు. అదే మనం మురుకులు, నిప్పట్లు, ఓళిగలు చేసి సరసమైన ధరకు అమ్మామనుకోండి, వాళ్లు డబ్బిచ్చి వస్తువు తీసుకున్నారు. ఎవరికీ ఎవరూ బాకీ లేరు. క్రిస్మస్‌కు ముందు రెండు శనివారాలు మా మైత్రి ఆడవాళ్లు పొయ్యి పెడితే ఊరంతా డబ్బాలు పట్టుకుని వస్తుంది. నిప్పట్లు వత్తడంలో మా పక్కింటి అక్క దిట్ట, ఆమె చర్చికి రాదు, వత్తడానికి మాత్రం తానే పిలవకుండా వస్తుంది. మనం కూడా గంగమ్మ జాతర వారంలోనో, వాళ్ల తిరునాళ్ల రోజునో మన కార్యక్రమం పెట్టకూడదు. పది దాటాక మైకు ఆపాలి. అది చట్టం కూడా, పక్కింట్లో పరీక్షకు చదివే బిడ్డ కూడా.

2025లో తోతాపురి మామిడి ధర ఎలా పడిపోయిందో ఇక్కడున్న రైతులకు నేను చెప్పాలా? ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇస్తామంది. ఆ ఏడు మా రైతులు నోటు ఇవ్వలేకపోయారు, కాయలు ఇచ్చారు. మేం ఊరగాయ పెట్టాం. ఉప్పు, కారం, నూనె ఖర్చు పోను మిగిలింది చర్చి కరెంటు బిల్లులకు ఏడాదంతా సరిపోయింది. కాయ ఇచ్చిన మనిషిని కూడా ఇచ్చినవాడిగానే చూడాలి. లేకపోతే నోట్లున్నవాళ్లదే చర్చి అయిపోతుంది.

యౌవనస్తులు ఒక మాట వినండి. లక్కీ డ్రా టికెట్లు అమ్ముదాం, బైకు పెడదాం అని మా పిల్లలూ అడిగారు. వద్దన్నాను. ప్రభుత్వ అనుమతి లేకుండా లాటరీ నడపడం మన చట్టంలో నేరం. చట్టం సంగతి అటుంచినా, ఆశ చూపించి తీసుకున్న డబ్బును కానుక అనలేం. మీ చేతిలో చేయాల్సింది వేరే ఉంది. క్యారల్స్‌కు ఇల్లిల్లూ తిరుగుతారు కదా, ఆ డబ్బా డబ్బు ఆ రాత్రే, ఇద్దరి ముందు, పుస్తకంలో రాయండి. మరుసటి రోజుకు వదలకండి.

2024 మేలో కప్పు పూర్తయింది. నిర్గమకాండంలో గుడారం పనికి జనం తెచ్చింది చాలి, ఇంకా మిగులుతుంటే, ఇక తేవద్దని మోషే పాళెమంతా చాటించాడు. మేమూ అదే చేశాం. సరిపోయిన ఆదివారం నేను మైకు దగ్గరికి పోయి, ‘కప్పుకు చాలింది, ఈ పెట్టెలో ఇక వేయకండి’ అని చెప్పి పెట్టెను లోపల పెట్టేశాను. కోశాధికారిగా అంత హాయిగా నేనెప్పుడూ మైకులో మాట్లాడలేదు.

ఆ కోడి పాడినాయన సంగతి అడుగుతారని తెలుసు. పాట బాకీలన్నీ కొట్టేయాలని సంఘం తీర్మానం చేసింది. నేనూ, ఆ పెద్దాయనా ఇంటికి పోయి చెప్పాం. మైకులో పేరు చదివినందుకు క్షమించమని నేను అడిగాను. ఆయన ఏమీ మాట్లాడలేదు, కాఫీ తెమ్మని భార్యకు చెప్పాడు. ఆ క్రిస్మస్‌కు వచ్చాడు. ఇప్పుడు ఆదివారాలు వస్తున్నాడు, వెనక గోడకు ఆనుకుని కూర్చుంటాడు. పంట పండుగ రోజు మాత్రం ఇంకా రావడం లేదు.

మా లెక్కల పుస్తకం తెచ్చాను. భోజనాల దగ్గర బల్ల మీద పెడతాను, ఎవరైనా తిరగేయండి, ఫోన్లో ఫొటో తీసుకున్నా పర్వాలేదు. 2022 పేజీ కూడా చింపలేదు, అందులోనే ఉంది. ఇచ్చినవాళ్ల పేర్లు మాత్రం 2023 తర్వాత మీకు కనిపించవు. ఖర్చులో తప్పు ఏదైనా కనిపిస్తే ఇక్కడే, అందరి ముందే అడగండి.

వందనాలు.